నాచారం షెడ్డులో పుట్టిన రెండు విమానాలు

ముప్పై మూడేళ్లకే "రిటైర్డ్" అని రాసుకుంటే మా ఇంట్లోవాళ్ళే నవ్వుతున్నారు. నవ్వనీ. నేను పనిచేసిన కంపెనీ బెంగళూరు వైపు తరలిపోయింది, నేను ఉప్పల్లోనే ఉండిపోయాను. పెద్దది నర్సరీకి పోతోంది, చిన్నవాడికి ఇంకా పళ్ళు రాలేదు. మళ్ళీ ఆ పనికి వెళ్ళనని నాకు తెలుసు. వెళ్ళనని తెలిశాక దాని గురించి నిజాలు రాయడం తేలిక.

ఈ మధ్య మా కాలేజీ నుంచి ఇద్దరమ్మాయిలు ఇంటికి వచ్చారు. చర్లపల్లిలో విమాన భాగాలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో ఇద్దరికీ ఉద్యోగం వచ్చింది. "అక్కా, అక్కడ నిజంగా ఏం పని ఉంటుంది?" అని అడిగారు. చంకలో పిల్లవాడు ఏడుస్తుంటే సరిగా చెప్పలేకపోయాను. అందుకే పిల్లలు పడుకున్నాక కాస్త కాస్త రాస్తున్నాను. ప్రమోషన్లు, మీటింగుల గురించి రాయను, అవి ఎక్కడైనా ఒకటే. మా కంపెనీ షెడ్డు గురించి, అక్కడ మేం చేసిన రెండు విమానాల గురించి రాస్తాను.

మొదటిది పరీక్షగా ఎగరేసినప్పుడు కూలిపోయింది. నడిపిన భాస్కర్ సార్ చనిపోయారు. దాన్ని చివరిదాకా దాచి మిమ్మల్ని ఏడిపించడం ఇష్టం లేక ఇక్కడే చెప్పేస్తున్నాను. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ షెడ్డు తలచుకుంటే ఇప్పటికీ నాకు ముందు నవ్వే వస్తుంది.

జొన్నలు పండిన చోటు

నాచారం పారిశ్రామికవాడలో మా షెడ్డుకు ఒక పక్క బిస్కెట్ల ఫ్యాక్టరీ, ఇంకో పక్క మందుల ఫ్యాక్టరీ. గాలి ఎటు వీస్తే ఆ వాసన. పొద్దున్నే బిస్కెట్ల వాసన వస్తే ఆ రోజు పని సాఫీగా సాగుతుందని మా నమ్మకం. మందుల వాసన వస్తే టీ రెండుసార్లు తెప్పించుకునేవాళ్ళం.

షెడ్డు యజమాని మూర్తిగారు. కొవ్వూరు వైపు మనిషి. మంచి సర్కారు ఉద్యోగం వదిలేసి, పైలట్ కావాలనుకునే పిల్లలు నేర్చుకోవడానికి ఇద్దరు కూర్చునే చిన్న విమానం తయారుచేయాలని దిగారు. బొమ్మ గీసింది ఆయనే, లెక్కలు కట్టింది ఆయనే. ఇంటర్వ్యూలో నన్ను చదువు గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు.

"అమ్మాయ్, ఊరెళుతూ బస్టాండు దాకా వచ్చాక, గ్యాస్ కట్టామా లేదా అని ఇంటికి తిరిగెళ్ళే రకమా నువ్వు?"

అబద్ధం చెప్పాలనిపించింది కానీ నోరు రాలేదు. "వెళ్తాను సార్. ఒక్కోసారి రెండుసార్లు."

"అయితే సోమవారం నుంచి రా."

అప్పటిదాకా ఆ గుణాన్ని మా అమ్మ జబ్బు అనేది. దానికి జీతం ఇస్తారని ఆ రోజే తెలిసింది.

నా పని ఇది: రెక్కల మీదా తోక మీదా గోరంత సెన్సార్లు అతికించి, సన్నటి తీగలు లాగి, విమానం పైకి వెళ్ళాక అవి ఎంత వంగుతున్నాయో, ఎంత వణుకుతున్నాయో కింద కంప్యూటర్లో చూడటం. డాక్టర్ గుండెకు తీగలు పెట్టి చూస్తాడే, అదే పని. కాకపోతే నా రోగి పైన ఎగురుతూ ఉంటాడు.

షెడ్డులో పనివాళ్ళందరి మీదా పెద్ద యాదగిరి అన్న. పుట్టింది పెరిగింది నాచారంలోనే. మేం నిలబడ్డ చోటు ఒకప్పుడు వాళ్ళ పొలం. మూర్తిగారిని ఏడిపించాలనుకున్నప్పుడల్లా అదే ఎత్తేవాడు.

"మా నాయిన గీడ జొన్నలేస్తే పుట్లకు పుట్లు పండినయి సార్. మీరొచ్చి ఇన్నేండ్లాయె, ఒక్క ఇమానం మొలవకపాయె."

"జొన్నలకు ఆకాశంలోకి ఎగిరే పని లేదయ్యా యాదగిరీ."

"పిట్టలు ఎత్కపోతే అవ్వి గూడ ఎగిరినయి సార్."

మూర్తిగారు ఇలా మాటల్లో ఓడిపోయిన రోజు అందరికీ మిర్చి బజ్జీలు. మీకు నా మొదటి సలహా: ఉద్యోగంలో చేరేముందు అక్కడి పెద్ద మనిషిని కిందివాళ్ళు ఎగతాళి చేయగలరో లేదో చూడండి. చేయలేని చోట తప్పు జరిగితే పైకి ఎవరూ చెప్పరు.

ఎక్కుమంటవా?

మొదటి విమానం పూర్తయ్యేసరికి ఉప్పల్ స్టేడియంలో ఎన్నో మ్యాచ్‌లు అయిపోయాయి. మాకు రన్‌వే లేదు. రెక్కలు విప్పి, లారీలో ఎక్కించి, పక్క జిల్లాలో వాడకుండా వదిలేసిన ఎయిర్‌స్ట్రిప్‌కు తీసుకెళ్ళాలి. తీసుకెళ్ళిన మొదటిసారే బంద్. ప్రత్యేక రాష్ట్రం కోసం అప్పట్లో వారానికో బంద్ ఉండేది. ఉప్పల్ రింగురోడ్డులో జెండాలు పట్టుకున్న కుర్రాళ్ళు లారీని ఆపేశారు.

"ఏందన్నా లోపల?"

"ఇమానం," అన్నాడు యాదగిరి అన్న క్లీనర్ సీట్లోంచి.

"పరాచికాలా?"

టార్పాలిన్ ఎత్తి చూపించాడు. కుర్రాళ్ళు నోళ్ళు తెరిచారు. "ఏడికెళ్ళి తెచ్చిన్రే?"

"తెచ్చుడేంది? నాచారంల జేసినం."

ఆ తర్వాత ఐదు నిమిషాలు నినాదాలు ఆగిపోయాయి. ఒకడు తోకను తడిమి చూశాడు, ఇంకొకడు ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. వాళ్ళ నాయకుడు తీర్పు ఇచ్చాడు: "పెండ్లికి, దవాఖానాకు, నాచారం ఇమానానికి రాస్తా ఇయ్యాలె. జరుగున్రి!" వాళ్ళే ముందు బైకుల మీద దారి తీస్తూ బోడుప్పల్ దాటించారు. వెనక జీపులో కూర్చున్న మూర్తిగారు కోస్తా మాట బయటికి రాకుండా అంతసేపూ మౌనవ్రతం పట్టారు. దాన్ని యాదగిరి అన్న ఏడాది పాటు నటించి చూపించాడు.

ఆ విమానాన్ని పరీక్షించే పైలట్ భాస్కర్ సార్. ఎయిర్‌ఫోర్స్‌లో రిటైరై నాచారంలోనే ఇల్లు కట్టుకున్నారు. జనగామ వైపు మనిషి. కొత్త విమానం ఎలా ఎగురుతుందో ఎవరికీ తెలియదు, అది తెలుసుకోవడానికే ఆయన ఎక్కుతారు. మా షెడ్డులో ఒక అలవాటు పెట్టింది ఆయనే. ఎగిరే రోజు ఎవరు చేసిన భాగం దగ్గర వాళ్ళు నిలబడి దాని మీద చెయ్యి వేయాలి. ఆయన చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కరి ముందూ ఆగి, కళ్ళలోకి చూసి, "ఎక్కుమంటవా?" అని అడుగుతారు. "ఎక్కండి సార్" అనాలి. ఎవరైనా అనకపోతే ఆ రోజు విమానం లేవదు. కారణం చెప్పనక్కర్లేదు.

ఒకసారి బ్రేకులు చేసిన కుర్రాడు రాత్రి నిద్రలేక తూగుతూ నిలబడ్డాడు. సార్ అడిగితే తల గోక్కున్నాడు. సార్ వెంటనే హెల్మెట్ తీసేసి, "మంచిగైంది, నాకూ ఆకలైతున్నది" అని రావిచెట్టు కిందికి టిఫిన్ డబ్బా పట్టుకుపోయారు. ఆ కుర్రాణ్ణి ఎవరూ ఒక్క మాట అనలేదు. అలాంటివాళ్ళతో పనిచేయడం అదృష్టం. కాగితం మీద సంతకం పెట్టడం ఎవరైనా చేస్తారు. ఎదురుగా నిలబడ్డ మనిషితో, అతని భార్య పేరూ ఆమె కట్టిచ్చిన అన్నం వాసనా తెలిసి, "ఎక్కండి" అనడం వేరు. మొదటిసారి నా తీగలన్నీ మళ్ళీ ఒకసారి తడిమి చూసుకున్నాకే అన్నాను. విమానం లేచాక చూడాలి మమ్మల్ని! మూర్తిగారు చెప్పులు వదిలేసి రన్‌వే మీద పరుగెత్తారు. యాదగిరి అన్న, "మొలిసింది సార్, మొలిసింది!" అని అరిచాడు.

తంగేడు రంగు

ఆ తర్వాత చాలాసార్లు ఎగిరింది. మెల్లగా వేగం పెంచుకుంటూ పోతున్నాం. అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజకు షెడ్డంతా కడిగాం, లేతు మిషన్‌కు పసుపు రాశాం, విమానం చక్రం కింద నిమ్మకాయ పెట్టాం. భాస్కర్ సార్, ఆయన భార్య వసంతమ్మగారు కూడా వచ్చారు. ఆమె నాచారంలోనే బడి పంతులమ్మ.

సార్ విమానాన్ని పైనుంచి కిందిదాకా చూసి, "ఏందిది, ఉడకబెట్టిన కోడిగుడ్డు లెక్క? బతుకమ్మ పండుగనాడు గూడ గిట్ల తెల్లగ ఉంటదా?" అన్నారు.

అంతే. తోకకు పూలు వేయాలని తేలిపోయింది. ఏ పువ్వు అన్నదాని మీద గంటసేపు పోట్లాట. బంతి అని కొందరు, గునుగు అని కొందరు. చివరికి తంగేడు గెలిచింది. మర్నాడు సార్ పసుపు పెయింటు డబ్బా తెచ్చారు. అందరం తలా ఒక పువ్వు వేశాం. అప్పుడు నాకు ఐదో నెల. కింద కూర్చోలేకపోతే యాదగిరి అన్న స్టూలు వేసి, "కూసోని ఏయి చెల్లె. కడుపుల బిడ్డది గూడ ఒకటెయ్యి" అన్నాడు. రెండు పూలు వేశాను. తెలుపు మీద పసుపు సరిగా ఆనదు. ఒక పూత వేస్తే వెలిసినట్టుంది. రెండోది వేశాం. ఇంకా బాగుండాలని మూడోది వేశాం. తోక వెనక పైకీ కిందికీ కదిలే పలక ఒకటి ఉంటుంది, పూలు ఎక్కువగా దాని మీదే పడ్డాయి. ఎంత ముద్దొచ్చిందో! ఆ రోజు షెడ్డులో ఉన్నంత సంతోషం నేను తర్వాత పెళ్ళిళ్ళలో కూడా చూడలేదు.

ఆ రోజు

పండుగ అయ్యాక మొదటి ఎగురుడు. కిందికి దూకుతూ వేగంగా పోయే పరీక్ష అది. అందరం ఎవరి చోట వాళ్ళం నిలబడ్డాం. తోక దగ్గర యాదగిరి అన్న, నేను. తోక పలక తిరిగే కీళ్ళు ఆయనవి, తీగలు నావి. నా తీగలను ఆ రోజు మూడుసార్లు చూసుకున్నాను. సార్ యాదగిరి అన్నను అడిగారు. "ఎక్కు సార్." నన్ను అడిగారు. "ఎక్కండి సార్."

పైకి వెళ్ళాక ఎప్పటిలాగే రేడియోలో, "శిరీషా, నీ తీగలు ఏమంటున్నయి?" అన్నారు.

"బాగున్నాయి సార్."

"అయితే పోతున్న."

వేగం పెరిగింది. కంప్యూటర్లో గీత నిలకడగా వచ్చి వచ్చి, ఒక్కసారిగా లావై నల్లగా అలుముకుపోయింది. "సార్, ఆపండి" అని అరిచాను. "తోక కొట్టుకుంటు..." అని ఆయన గొంతు వినిపించింది. తర్వాత ఏమీ లేదు. గుట్ట అవతల దుమ్ము లేచింది.

ఇంతకంటే రాయను. మీకు దాని అవసరం లేదు. అది పడిన చేలో ఆ సమయానికి ఎవరూ లేరు. ఆ ఒక్క మేలు దక్కింది.

కారణం తెలిసినప్పుడు

అధికారులు వచ్చారు, విరిగిన ముక్కలు ఏరుకుపోయారు. నెలలు గడిచాయి. అన్నాళ్ళూ నాకు ఒకటే భయం. నా తీగ ఏదైనా ఊడి ఆ కీలులో ఇరుక్కుందా? నేను "ఎక్కండి" అన్నాను కదా. పాప పుట్టింది. ఊయల పక్కన కూర్చుని అదే ఆలోచన. మా అత్తగారు బాలింత దిగులు అనుకుని దిష్టి తీయించారు. సార్ ముఖం గుర్తొచ్చినప్పుడల్లా పాప ఊపిరి తీస్తోందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని.

చివరికి తేలిన సంగతి వినండి, ఎందుకంటే మీరు రేపు చేయబోయే పని ఇలాంటిదే. తోక పలకను కీలు మీద తక్కెడలా తూచి ఉంచుతారు. వెనక వైపు బరువు ఎక్కువైతే, వేగం పెరిగినప్పుడు, గొళ్ళెం లేని తలుపు గాలికి కొట్టుకున్నట్టు దానంతట అదే కొట్టుకుంటుంది. ఒకసారి మొదలైతే విరిగేదాకా ఆగదు. తెల్ల విమానం తూకం సరిగ్గానే ఉంది. మా తంగేడు పూలు, మూడు పూతలు, వెనక అంచున ఉన్నాయి. రంగు వేశాక మళ్ళీ ఎవరం తూచలేదు.

నా తీగలు కాదని తెలిసిన క్షణం హాయిగా అనిపించింది. మరుక్షణం నా రెండు పూలు గుర్తొచ్చాయి.

ఆలోచించి చూస్తే, ఆ రోజు విమానం చుట్టూ ఇంతమందిమి చేతులు వేసి నిలబడ్డాం. కీలు మీద ఒక చెయ్యి, తీగ మీద ఒక చెయ్యి, చక్రం మీద ఒక చెయ్యి. రంగు మీద ఎవరి చెయ్యీ లేదు. అది అందరిదీ. పండుగది. అందరిదీ అయినదాన్ని ఎవరూ తూచరు. నేను భయస్తురాలినే, కానీ నా భయమంతా నా తీగల చుట్టే తిరిగింది. సొంత పని వరకే ఉండే భయం సగం భయం. ఈ వృత్తిలో అది చాలదు.

మూర్తిగారి గురించి ఒకటి చెప్పాలి. ఆయన బావమరిది లాయరు. "మీరు నోరు విప్పొద్దు బావగారూ, ఏమన్నా మీ మెడకే చుట్టుకుంటుంది" అని షెడ్డులోనే మా అందరి ముందూ చెప్పాడు. మూర్తిగారు విన్నారు. చొక్కా మార్చుకున్నారు. నన్నూ యాదగిరి అన్ననూ తోడు రమ్మని వసంతమ్మగారింటికి బయల్దేరారు.

ఆమె కుర్చీలు వేసింది. ఆయన కూర్చోలేదు. "అమ్మా, రంగు వేస్తే మళ్ళీ తూచాలని తెలిసినవాణ్ణి ఆ షెడ్డులో నేనొక్కణ్ణే. ఆ వేళ పండుగ సంబరంలో పడిపోయాను. తప్పు నాది."

ఆమె మా ముగ్గురికీ మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. తర్వాత నెమ్మదిగా, "ఆ రంగు డబ్బ ఉప్పల్ల కొన్నం సార్. ఆయన స్కూటర్ నడిపిండు, నేను ఎనుక ఒళ్ళె పెట్టుకోని కూసున్న. నా చీరెకు గూడ అంటింది" అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మీరొచ్చి చెప్పిన్రు, మంచిగైంది. రాకుంటే నేనే వచ్చి అడుగుదునేమో. అయితే ఇప్పుడు రెండోదాన్ని ఏం జేస్తరు?"

షెడ్డులో రెండో విమానం సగం తయారై ఉంది. కూలిన రోజు నుంచి దాని మీద కప్పిన గుడ్డ ఎవరూ తీయలేదు.

"మూసేద్దామనుకుంటున్నానమ్మా."

"మూసేస్తే ఎట్ల? ఆయన మీ బొమ్మల మీద పెన్సిల్‌తోని రాసుకుంట గీ డైనింగ్ టేబుల్ మీదనే కూసునేటోడు. నా కూరగాయలు తరగనీక జాగ లేకుండె. గంత సేసి ఊకుంటరా?"

బయటికి వచ్చాక యాదగిరి అన్న చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు: "సార్, రేపు పొద్దుగాల గుడ్డ తీస్తున్న."

బూడిద రంగు విమానం

రెండో విమానం చేసిన ఏడాది నా ఉద్యోగంలో అన్నిటికంటే మంచి ఏడాది. పాపను అమ్మ దగ్గర వదిలి వచ్చేదాన్ని. కొత్త పద్ధతి పెట్టుకున్నాం. ఎవరి భాగానికి వాళ్ళు జవాబు చెప్పరు, పక్కవాడి భాగానికి చెప్పాలి. కీళ్ళు నేను చూడాలి, తీగలు యాదగిరి అన్న చూడాలి. మొదట్లో నా తీగల వంక పాము పిల్లల్ని చూసినట్టు చూసేవాడు. తర్వాత నాకే వంకలు పెట్టడం మొదలుపెట్టాడు. "గీ ముడి ఏంది చెల్లె, జడ లెక్క?" నేను ఆయన బోల్టుల మీద గోరు పెట్టి గీకి చూస్తే, "వంకాయలు కొంటున్నవా?" అనేవాడు. తిట్టుకుంటూ చాలా నేర్చుకున్నాం.

ఆ ఏడు ఆయుధపూజకు విమానానికి బొట్టు పెట్టాలా వద్దా అని మళ్ళీ గంట చర్చ. పెట్టాలన్నారు. యాదగిరి అన్న కంసాలి దగ్గర నుంచి చిన్న త్రాసు తెచ్చి, చిటికెడు కుంకుమ తూచి, ముక్కు మీద పెట్టి, దాని పక్కన తానే చెయ్యి వేసి నిలబడ్డాడు: "గీ బొట్టు నాది. ఎవలకన్న ఫికరుంటె నన్నడుగున్రి." అంతకాలం తర్వాత షెడ్డంతా పగలబడి నవ్వింది. మూర్తిగారైతే నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయారు.

రంగు మాత్రం వేయలేదు. బూడిద రంగు కిందపూతతోనే ఎగిరేందుకు వెళ్ళింది. కొత్త పైలట్ కిరణ్, అంబర్‌పేట కుర్రాడు, ఎయిర్‌ఫోర్స్ నుంచి వచ్చినవాడే. ఎయిర్‌స్ట్రిప్‌లో అందరం విమానానికి దూరంగా నిలబడ్డాం. అలవాటు గురించి అతనికి ఎవరమూ చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు.

"గంత దూరం నిలవడ్డరేంది అందరు? పేలుతదా ఏంది?" అన్నాడు కిరణ్.

యాదగిరి అన్న చెప్పాడు. భాస్కర్ సార్ ఎలా అడిగేవారో, మేం ఏమనేవాళ్ళమో. కిరణ్ విని, అందరినీ ఎవరి చోటికి వాళ్ళను పొమ్మని, తోక దగ్గరికి వచ్చి నా ముందు నిలబడ్డాడు. "అయితే నేను గూడ అడుగుత. అక్కా, ఎక్కుమంటరా?"

నేను తోక పలక మీద చెయ్యి వేశాను. నా పక్కన యాదగిరి అన్న, "నీ తీగలు మంచిగున్నయి. నేను చూసిన" అన్నాడు.

"నీ కీళ్ళు నేను చూశానన్నా. తూకం కూడా చూశాను. కిందపూత వేశాక."

"మరి చెప్పు."

"ఎక్కండి" అన్నాను.

చాలా రోజుల తర్వాత అదే వేగం దగ్గరికి వచ్చాం. కిందికి దూకుతున్నప్పుడు గీత మీద నుంచి కళ్ళు తిప్పలేదు. అది అదే చోటికి వచ్చింది, దాటింది, దారం లాగినట్టు సన్నగా సాగిపోయింది. అప్పటికి పాపకు పాలిచ్చే వేళ దాటిపోయింది. ఎప్పుడు మొదలైందో తెలియదు, కుర్తా ముందంతా తడిసిపోయింది. చున్నీ కప్పుకుని, ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, రేడియోలో "దాటిపోయారు, బాగుంది, బాగుంది" అంటూనే ఉన్నాను. కిరణ్ పైనుంచి, "అక్కా, ఒక్కసారి చెప్తె చాలు" అన్నాడు. మీలో తల్లులయ్యేవాళ్ళు ఉంటారు. ఈ పనికి ఆడవాళ్ళు పనికిరారని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి. నా శరీరం నాలుగు దిక్కులా కారుతున్నా గీత మీద నా చూపు చెదరలేదు.

పక్క సీటు

పరీక్షలన్నీ అయ్యాయి. పక్క సీట్లో ఇంకొకరిని ఎక్కించుకోవచ్చని అనుమతి వచ్చింది. ఆ వారమే వసంతమ్మగారు మూర్తిగారికి ఫోన్ చేసింది: "సార్, నన్ను ఎక్కియ్యున్రి."

ఆ మధ్యాహ్నం టీ దగ్గర ఆయన మమ్మల్ని పోగేశారు. "ఏమంటారు? కిరణ్ పైలట్, అది వాడి వృత్తి. ఈమె అలా కాదు. ఆ ఇంట్లోంచి రెండో మనిషిని ఎలా ఎక్కించనయ్యా?"

నేను ఆలోచించాను. అప్పటిదాకా మా "ఎక్కండి" అంతా అలవాటున్న మనుషులకు. ప్రమాదం ఏమిటో తెలిసి, దిగడం తెలిసినవాళ్ళకు. ఇప్పుడు అడుగుతున్నది ఆరోజు మేం పోగొట్టుకున్న మనిషి భార్య. ఆమెకు వద్దంటే, ఇన్ని పరీక్షలూ కాగితాల కోసం చేసినట్టే. మా విమానాన్ని మేమే నమ్మనట్టు. రేపు ఎవరి పిల్లలో దాంట్లో కూర్చుని నేర్చుకుంటారు, వాళ్ళను మాత్రం ఏ ముఖంతో ఎక్కిస్తాం?

"ఎక్కించండి సార్" అన్నాను. "ముందు నేను మళ్ళీ మొత్తం చూస్తాను. అన్న కూడా చూస్తాడు."

"చూస్త," అన్నాడు యాదగిరి అన్న. "ఎక్కనీయున్రి సార్."

రెండు రోజులు చూశాం. నాకు రాత్రుళ్ళు నిద్ర లేదు, అది వేరే సంగతి. నేను ఆ రకమే.

ఆమె ఎర్రంచు కాటన్ చీర కట్టుకుని, పైన స్వెట్టర్ వేసుకుని, ముందురోజు చేసిన సకినాల డబ్బాతో వచ్చింది. ముందు అందరికీ సకినాలు పంచింది. తర్వాత విమానం దగ్గరికి వెళ్ళి తోక మీద అరచేయి పెట్టి నిమిరింది.

"రంగెయ్యలే?"

మేం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. యాదగిరి అన్న గొణిగాడు: "లేదమ్మా. ధైర్నం సాలలే."

"ఎయ్యున్రి. తూసుకోని ఎయ్యున్రి. గీ బూడిద రంగేంది, బూజు పట్టినట్లు?"

కిరణ్ ఆమెకు బెల్టు కట్టి, చెవులకు హెడ్‌సెట్ పెట్టాడు. ముప్పై ఏళ్ళు పైలట్ భార్యగా ఉండి ఆయనతో ఒక్కసారీ ఎగరలేదట. సర్కారు విమానాల్లో ఇంటివాళ్ళను ఎక్కించుకోనివ్వరు కదా. నేను నా చోటికి పోయి గీత ముందు కూర్చున్నాను. విమానం లేచింది. మూర్తిగారు నా కుర్చీ వెనక నిలబడి దాన్ని గట్టిగా పట్టుకున్నారు. కుర్చీ వణుకుతోంది. గీత మాత్రం వణకడం లేదు.

రేడియోలో ఒక బడి పంతులమ్మ గొంతు, వెనక బెంచీ దాకా వినపడేటట్టు:

"ఏయ్, గవేంది, గంత చిన్నగ, శెనిగ శేన్లా? గాడ మేకలు! కిరణ్, గాడ మేకలు జూడు! ఓ శిరీషా, ఇంటున్నవా? మస్తుగున్నదే!"

ఆమె నవ్వుతోంది. ఆ నవ్వు హెడ్‌సెట్లోంచి నా చెవిలో పడుతోంది. మూర్తిగారికి వినపడాలని హెడ్‌సెట్ ఒక వైపు తీసి పట్టుకున్నాను. ఇద్దరం చెవులు ఆనించి విన్నాం.

దిగింది. విమానం మా ముందుకు వచ్చి ఆగింది. తలుపు తీయడానికి యాదగిరి అన్న పరుగెత్తాడు. జుట్టంతా రేగిపోయి, కళ్ళు మెరుస్తున్నాయి ఆమెకు. దిగమని ఆయన చెయ్యి అందించాడు. ఆమె ఆ చేతిని చూసింది, మా అందరినీ ఒకసారి చూసింది, బెల్టు మీద రెండు చేతులూ వేసుకుని సీట్లో ఇంకా సర్దుకుని కూర్చుంది.

"నేను దిగ. ఇంకొక్క సుట్టు తిప్పు బిడ్డా," అంది కిరణ్‌తో.

మూర్తిగారు నా వంక చూశారు. నేను గీత వంక చూసి తల ఊపాను.

"యాదగిరీ, పెట్రోలు పొయ్యి," అన్నారు ఆయన.